అల్లం నిమ్మ షర్బత్ ఇంట్లో కాచుకున్న అనుభవం

ఎండలు ముదరకముందే అల్లం నిమ్మ షర్బత్ కాచి సీసాల్లో పోసి పెట్టుకోవడం మా ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్న అలవాటు. పొదలకూరులో ఉండే మా పెద్దమ్మ దగ్గర ఈ పద్ధతి నేర్చుకున్నాను. ఆమె ఏ జాగ్రత్త చెప్పినా కారణం చెప్పేది కాదు. ఆ కారణాలను నేను కొంత చేస్తూ, కొంత చదువుతూ తెలుసుకున్నాను. మొదటి రోజే ఆమె ఒక మాట అన్నది: “అల్లాన్ని పొయ్యి మీదికి ఎక్కించు, నిమ్మరసాన్ని మాత్రం పొయ్యి ఛాయలకు రానీబాక అమ్మాయ్.” ఈ పానీయం కుదరడమూ చెడిపోవడమూ దాదాపు అంతా ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉందని ఇప్పుడు నాకు అనిపిస్తుంది, ఎందుకంటే సీసాలో కలిసిపోయే ఈ రెండు రసాలూ అంతకుముందు ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన మర్యాదలు కోరుకుంటాయి.

నేను ఈ పనిని జనవరి చివర్లో గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ పెట్టుకుంటాను. వేసవిలో నాటిన అల్లాన్ని ఎనిమిది తొమ్మిది నెలలకు, ఆకులు పండి ఎండిపోయిన తరువాత తవ్వుతారు కాబట్టి, సంక్రాంతి దాటేసరికి కొత్త పంట బజారులో నిండుగా కనిపిస్తుంది. నిమ్మ సంగతి వేరు. గూడూరు, పొదలకూరు, తెనాలి మార్కెట్లకు కాయ ఏడాది పొడవునా వస్తూనే ఉన్నా, చలికాలంలో గిరాకీ తక్కువగా ఉండి, ఎండలు మొదలవగానే ధర ఆకాశానికి ఎక్కుతుంది. 2022 ఏప్రిల్‌లో నిమ్మ ధర దేశమంతటా వార్తల్లోకి ఎక్కిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిమ్మతోటల నడుమ ఉండే మా ప్రాంతంలో సైతం ఆ నెలలో జనం కాయలు లెక్కపెట్టుకుని కొన్నారు. అల్లం కొత్తగానూ నిమ్మ చౌకగానూ దొరికే ఆ కొద్ది వారాలలోనే షర్బత్ కాచుకుంటే ఖర్చూ కలిసివస్తుంది, రుచీ కలిసివస్తుంది.

అయితే కొత్త పంట అన్నంత మాత్రాన లేత అల్లం తీసుకోవాలని కాదు. లేత అల్లం తోలు గోటితో గీరితే ఊడివచ్చేంత పల్చగా ఉంటుంది, నీరు ఎక్కువ, పీచు తక్కువ. పచ్చడికి అది శ్రేష్ఠం. షర్బత్‌కు మాత్రం ముదిరిన కొమ్ము కావాలి. విరిస్తే ఫట్టున విరిగి, విరిగిన చోట సన్నని పీచు కనిపించి, వాసన వెంటనే ముక్కుకు తగలాలి. బజారులో నీళ్లతో రుద్ది కడిగి మెరిపించిన అల్లమూ ఉంటుంది, మట్టితో ఉన్నదీ ఉంటుంది. నేను ఎప్పుడూ కొనే కూరగాయల ఆమె, నా చెయ్యి కడిగిన అల్లం వైపు పోతుంటే ఒకసారి, “అది కంటికి బాగుంటాదమ్మా, ఇది ఇంటికి బాగుంటాది” అని మట్టి అల్లాన్ని తూచింది. తోలు దెబ్బతినని అల్లం త్వరగా బూజు పట్టదన్నది ఆమె మాటలోని సారం, అది నిజమే. కాకపోతే ఇంటికి తెచ్చాక శ్రమ మనదే అవుతుంది. కొమ్ములను కణుపుల దగ్గర విరవకుండా కడిగితే సందుల్లోని మట్టి అలాగే ఉండిపోతుంది కనుక, ముందు విడివిడిగా విరిచి, అరగంట నీళ్లలో నానబెట్టి, పాత పళ్లు తోముకునే బ్రష్‌తో రుద్ది, ఆ తరువాత చెంచా అంచుతో తోలు గీకుతాను. కత్తితో చెక్కితే తోలుతో పాటు దాని కిందనే ఉండే వాసన గల భాగం కూడా చెత్తబుట్టలోకి పోతుంది.

కొలత విషయానికి వస్తే, రెండు లీటర్లకు దగ్గరగా షర్బత్ రావడానికి తోలు తీసిన అల్లం 300 గ్రాములు, నిమ్మరసం 600 మి.లీ., పంచదార కిలోన్నర, పాకానికి నీళ్లు 400 మి.లీ. నాకు సరిపోతాయి. ఇంతకంటే అల్లం పెంచితే పెద్దలకు నచ్చవచ్చు గానీ పిల్లలు రెండో గుక్క తాగరు.

అల్లాన్ని మిక్సీలో వేసే ముందు పీచుకు అడ్డంగా, సన్నని బిళ్లలుగా కోయడం అవసరం. నిలువుగా కోసిన ముక్కలు వేస్తే పొడవాటి పీచు బ్లేడుకు చుట్టుకుని, అడుగున మెత్తగానూ పైన ముక్కలుగానూ ఉండిపోతుంది. 100 మి.లీ. నీళ్లను రెండు మూడు విడతలుగా పోస్తూ మెత్తగా రుబ్బి, తడిపి పిండిన పల్చని నూలుగుడ్డలో వేసి మూటగట్టి పిండుతాను. ఈ పిండడం చూడటానికి చిన్న పనే గానీ, కాసేపటికి అరచేతులు సన్నగా మండడం మొదలుపెట్టి, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా ఆ వేడి వదలదు. గోటి పక్కన చర్మం లేచి ఉంటే ఆ రోజు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మేలు, పైగా ఆ తరువాత వచ్చేది నిమ్మకాయల వంతు.

అల్లంరసం పిండగానే పాకంలో పోయకూడదు. నా మటుకు ఈ మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే. పిండిన రసం లేత పసుపురంగులో, చిక్కగా, మసకగా ఉంటుంది. దానిని పొడవాటి గాజుగ్లాసులో పోసి కదపకుండా గంటన్నర పక్కన పెడితే, మొదట గ్లాసు అడుగున సన్నని తెల్లని గీత కనిపించి, చూస్తుండగానే అది మందమై, చివరకు తడిపిన సున్నంలా గట్టిగా పేరుకుంటుంది. పైన తేరుకున్న రసం తేనెరంగుకు తిరిగి పల్చగా నిలుస్తుంది. అడుగున పేరుకున్న ఆ తెల్లని మడ్డి అల్లంలోని పిండిపదార్థం. చెంచాతో గీరితే కర్రుమని అంటుకుంటుంది, నాలుక మీద వేసుకుంటే రుచి పెద్దగా ఉండదు గానీ గొంతులో గరగర మిగులుతుంది. దీనిని తీయకుండా రసాన్ని వేడి పాకంలో పోస్తే ఆ పిండి అంతా ఉడికి గంజి కడుతుంది, షర్బత్ మసకబారి సాగుతుంది, సీసాలో పోసిన కొన్నాళ్లకు అడుగున జిగటగా దిగుతుంది. అందుకని గ్లాసును నెమ్మదిగా ఒంచి, మడ్డి కదలడం మొదలయ్యే చోట ఆపి, పైతేటను మాత్రమే వేరే గిన్నెలోకి వంచుకుంటాను. 300 గ్రాముల అల్లానికి 200 మి.లీ. దాకా తేట వస్తుంది. ఇంకాస్త వస్తుందన్న ఆశతో గ్లాసును మరీ ఒంచడం వల్ల లాభం లేదు. అడుగున మిగిలిన ఆ రెండు చెంచాలను వదులుకోవలసిందే.

అల్లం తేరుకునే ఆ సమయంలోనే పాకం పని చూసుకుంటే పొద్దు కలిసివస్తుంది. గిన్నె స్టీలుదే కావాలి. పులుపు తగిలితే ఇత్తడి, రాగి చిలుము పడతాయి, అల్యూమినియం కూడా పులుపుకు కరుగుతుంది. పెద్దమ్మ వాళ్ల అత్తగారి కాలంలో ఇదే షర్బత్‌ను కళాయి పోసిన ఇత్తడి గిన్నెలో కాచేవారట. ఆ కళాయి ఎక్కడైనా లేచిందేమోనని ముందు రోజు వెలుతురులో పెట్టి చూసుకునేవారని ఆమె చెప్పింది. ఇప్పుడు ఆ బెడద లేదు. పంచదారలో నీళ్లు పోసి సన్నని సెగ మీద కరగనిచ్చి, పూర్తిగా కరిగాక ఒక పొంగు రానిచ్చి, అందులో చెంచాడు నిమ్మరసం వేస్తాను. మిఠాయిలు చేసేవారికి ఇది తెలిసిన కిటుకే: పులుపు, వేడి కలిసి పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడతాయి, దాంతో పాకం చల్లారాక మళ్లీ పలుకులు కట్టదు. నిమ్మరసానికి సెగ తగలకూడదన్న నియమానికి ఈ ఒక్క చెంచా మాత్రమే మినహాయింపు. పాకాన్ని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి చూస్తే జిగురుగా అంటుకుంటే చాలు, తీగ సాగేదాకా కాగనివ్వకూడదు. తీగపాకం వచ్చిందంటే అది అరిసెలకు దగ్గరవుతుంది, ఫ్రిజ్‌లో పెట్టిన షర్బత్ సీసా అడుగున కలకండ ముక్కలు తేలుతాయి.

ఇప్పుడు అల్లం తేటను మరిగే పాకంలో పోసి, రెండు మూడు నిమిషాలు తెర్లనిచ్చి పొయ్యి ఆపుతాను. పెద్దమ్మ అల్లాన్ని పొయ్యి ఎక్కించమన్నందుకు రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, అల్లం మట్టిలో పెరిగే దుంప. ఎంత కడిగినా దానితో వచ్చే సూక్ష్మజీవులు పూర్తిగా పోవు కాబట్టి, నిల్వ పెట్టే వస్తువులో పచ్చి అల్లంరసం కలపడం మంచిది కాదు. రెండవది రుచికి సంబంధించినది. పచ్చి అల్లానికి ఘాటునిచ్చేది జింజరాల్ అనే పదార్థం. అల్లాన్ని ఎండబెట్టి శొంఠి చేసినప్పుడు దానిలో కొంత షోగాల్‌గా మారి ఘాటు మరింత పెరుగుతుంది. శ్రీరామనవమి పానకంలో చిటికెడు శొంఠి వేసినా గొంతు దాకా తెలిసిపోవడానికి కారణం ఇదే. తడిగా ఉడికించినప్పుడు మాత్రం జింజరాల్‌లో కొంత భాగం జింజరోన్‌గా మారుతుంది, దాని ఘాటు తక్కువ, వాసన కాస్త తియ్యగా ఉంటుంది. పాకంలో ఒక్క పొంగు వచ్చిన అల్లం కోతపెట్టకుండా వెచ్చగా దిగుతుంది. అలాగని పావుగంట మరగనిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ, ఇంట్లో నిండిన ఆ వాసనంతా గిన్నెలోంచి పోయినదే.

నిమ్మకు వేడి ఎందుకు పడదో చాలామందికి తెలుసు: విటమిన్ సి తగ్గుతుంది, తాజా వాసన ఎగిరిపోయి ఉడికిన వాసన మిగులుతుంది. చేదు సంగతి అంత ప్రచారంలో లేదు. నిమ్మజాతి పండ్లలో లిమోనిన్ అనే చేదు పదార్థం ఉంటుంది. ఇది గింజల్లో ఎక్కువ. కండలోనూ పొరల్లోనూ చేదు లేని రూపంలో ఉండి, పిండిన తరువాత రసంలోని పులుపు తగిలి నెమ్మదిగా చేదుగా మారుతుంది. ఉదయం పిండి పెట్టిన రసం సాయంత్రానికి చేదెక్కడం అందుకే. వేడి ఆ మార్పును ఇంకా తొందర పెడుతుంది. కాబట్టి పాకం చల్లారుతున్నప్పుడే కాయలు కోయడం మొదలుపెడతాను తప్ప, పని ముందుగా తెముల్చుకుందామని పొద్దున్నే పిండి పెట్టుకోను.

కాయల ఎంపికలో పెద్దమ్మ ఎవరినీ నమ్మదు, మార్కెట్‌లో పనిచేసిన వాళ్లయినా సరే. పల్చని తొక్క, పచ్చదనం పోయి పసుపు తిరిగిన రంగు, చేతిలో పెట్టుకుంటే పరిమాణానికి మించిన బరువు ఉండాలని ఆమె లెక్క. గరుకు తొక్కతో గట్టిగా ఉండే పచ్చికాయలో రసం తక్కువ. మంచి కాయలైతే ముప్పై, చిన్నవైతే ఇంకో ఐదారు పడతాయి. కోసే ముందు కాయను బండ మీద పెట్టి అరచేత్తో ఒత్తి దొర్లిస్తే లోపలి తొనలు చితికి రసం తేలిగ్గా వస్తుంది. కోసిన చెక్కను చేత్తోనే పిండుతాను. ఇనుప పిండుడు యంత్రం పని త్వరగా చేస్తుంది గానీ, తొక్కలోని నూనెను కూడా వదలకుండా పిండి, గింజను నలిపేస్తుంది. కొంచెం తొక్క నూనె వాసనకు మంచిదే అయినా ముప్పై కాయల నూనె కలిస్తే షర్బత్ నాలుకను పట్టేస్తుంది. చెక్కలో చివరి చుక్క దాకా పిండవద్దని, మూడొంతులు వచ్చాక పక్కన పడేయమని పెద్దమ్మ పదేపదే చెప్పేది. ఆ మిగిలిన చెక్కలకు వేరే పని ఉంటుంది. పిండిన రసాన్ని టీ వడపోసే జల్లెడలో వడకడితే గింజలు ఆగిపోతాయి, కాస్త గుజ్జు దిగినా ఫర్వాలేదు.

పాకం గిన్నెను చేత్తో పట్టుకోగలిగినంత చల్లారినా సరిపోదు, అడుగు పూర్తిగా చల్లబడాలి. చిక్కని పాకం పైన చల్లారినట్టే ఉండి లోపల వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది. గరిటెతో అడుగు నుంచి కలిపి చూసి, ఎక్కడా వెచ్చదనం లేదనుకున్నాకే నిమ్మరసం పోసి కలుపుతాను. అప్పటిదాకా లేత గోధుమరంగులో ఉన్న పాకం రసం కలిసేసరికి తేలికపడి పసుపుగా విచ్చుకుంటుంది. ఉప్పు అర చెంచా చాలు, అది ఉప్పదనం కోసం కాదు, తీపిని అదుపులో పెట్టడానికి. యాలకుల పొడి వేయమని మా ఇంట్లో ఒకరు పట్టుబడతారు గానీ, అల్లం ఉన్న చోట యాలకులు ఎందుకని నా అభిప్రాయం.

సీసాలు గాజువే కావాలి. ముందు రోజు వేడినీళ్లలో మరగబెట్టి, తలకిందులుగా ఎండలో ఆరబెట్టుకోవాలి. లోపల ఒక్క నీటిచుక్క మిగిలినా చాలు, అది షర్బత్ పైభాగంలో చేరి అక్కడ పంచదార గాఢతను తగ్గిస్తుంది, బూజు అక్కడే మొదలవుతుంది. వెచ్చగా ఉన్నప్పుడే పోసి మూత పెడితే మూత లోపల ఆవిరి పట్టి చుక్కలుగా పడి అదే నష్టం చేస్తుంది. ఇనుప మూతలు పులుపుకు తుప్పు పడతాయి కాబట్టి ప్లాస్టిక్ మూత ఉన్న సీసాలు ఎంచుకుంటాను.

పైన చెప్పిన కొలతతో కాచిన షర్బత్‌లో పంచదార బరువులో 60 శాతానికి దగ్గరగా ఉంటుంది. మన దేశ ఆహార భద్రతా నిబంధనల ప్రకారం బజారులో పండ్ల సిరప్ పేరుతో అమ్మాలంటే కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలి, స్క్వాష్‌కు 40 శాతం చాలు. అంటే మా షర్బత్ ఆ రెంటికీ నడుమ నిలుస్తుంది, పైగా అందులో నిల్వకు వేసే మందు లేదు. అందుకని దానిని బయట పెట్టకుండా ఫ్రిజ్‌లోనే ఉంచుతాను. రెండు నెలలలోపు వాడేస్తాం కాబట్టి పొటాషియం మెటాబైసల్ఫైట్ అనే ఆ నిల్వ మందు అవసరం పడలేదు. అది వాడేవారు కొలత తప్పకూడదు, ఆస్తమా ఉన్నవారు ఇంట్లో ఉంటే అసలు వాడకపోవడమే మంచిది. మూత తీసినప్పుడు బుస్సుమని గాలి వచ్చినా, పైన నురగ కట్టినా, ఈస్టు పులియబెడుతోందని అర్థం. అలాంటి సీసాను రుచి చూడకుండా పారబోయాలి. నిమ్మగుజ్జు పైకి తేలి అట్టలా కట్టడం మాత్రం సహజం, వాడే ముందు ఊపితే కలిసిపోతుంది. నాళ్లు గడిచేకొద్దీ పసుపురంగు కాస్త గోధుమరంగుకు తిరగడం కూడా మామూలే.

కాచిన రోజున తాగితే నిమ్మ ముందు వచ్చి, తీపి తరువాత వచ్చి, అల్లం ఎక్కడో విడిగా నిలిచినట్టు ఉంటుంది. వారం గడిచాక ఆ మూడూ ఒక్కటవుతాయి. అందుకే సీసాలు నింపిన రోజు చుట్టాలకు పోసి మెప్పు పొందాలని చూడకపోవడం మంచిది.

తాగేటప్పుడు 200 మి.లీ. చల్లని నీళ్లకు 30 మి.లీ. షర్బత్ వేస్తే సరిపోతుంది. పులుపు ఇష్టపడేవారు గ్లాసులో తాజా నిమ్మచెక్క ఇంకొకటి పిండుకోవచ్చు. గోలీ సోడాతో కలిపితే అల్లం ఘాటు రెట్టింపైనట్టు తెలుస్తుంది. నానబెట్టిన సబ్జా గింజలు వేస్తే మధ్యాహ్నం ఎండన పడి వచ్చినవారికి హాయిగా ఉంటుంది. బెల్లంతో కాయమని అడిగేవారున్నారు, కాచి చూశాను కూడా. రుచి బాగానే ఉంటుంది, అయితే నిమ్మ వాసనను బెల్లం వాసన మింగేసి, తాగుతున్నది పానకమా అన్న అనుమానం వస్తుంది. జలుబుకు, అజీర్తికి ఇది మందని ఇళ్లలో చెప్పుకుంటారు. వేడినీళ్లలో కలుపుకుని తాగితే గొంతుకు సుఖంగా ఉండే మాట నిజమే గానీ, ఒక్క గ్లాసులో పంచదార 23 గ్రాముల దాకా, అంటే దాదాపు ఐదు టీ చెంచాలు ఉంటుంది. రోజుకు చక్కెరలు 50 గ్రాములు దాటవద్దని, వీలైతే 25 గ్రాములలోపు ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నప్పుడు, దీనిని మందు పేరుతో రోజూ తాగించడం నాకు సమ్మతం కాదు. మధుమేహం ఉన్న మా మామగారికి మాత్రం పాకం జోలికి పోకుండా, అదే రోజు తీసిన అల్లం తేట రెండు చెంచాలు మరిగించి చల్లార్చి, నిమ్మరసం, ఉప్పు కలిపి మజ్జిగలో పోసి ఇస్తాను.

పిండగా మిగిలిన అల్లం పిప్పిని పళ్లెంలో పరిచి నీడన ఆరబెట్టి డబ్బాలో పెడితే రెండు వారాల పాటు టీకి పనికివస్తుంది. దానిలో ఘాటు సగం పోయినా వాసన మిగిలే ఉంటుంది. మూడొంతులు పిండి పక్కన పెట్టిన నిమ్మచెక్కలను గింజలు తీసి, ఉప్పు, పసుపు కలిపి జాడీలో ఊరవేస్తే మూడు వారాలకు మెత్తబడతాయి, అప్పుడు కారం, మెంతిపిండి కలిపి తిరగమోత పెట్టుకుంటే పెరుగన్నంలోకి బాగుంటాయి. మరీ ఒట్టిపోయిన చెక్కలను మాత్రం ఉప్పులో అద్ది పూజగదిలోని రాగి చెంబులు తోమడానికి వాడతాము.